గంటన్నర బ్యాటరీ

సుత్తి వర్ష చెవి పక్కనుంచి పోయి వెనకాల నిలబెట్టిన ఇనుప రేకుకు తగిలింది. ఆ చప్పుడుకు కరీంనగర్ రోడ్డు మీద పోతున్న ఆటోవాడు కూడా తల తిప్పి చూశాడు. వెల్డింగ్ షెడ్డులో చప్పుడు కాక సంగీతం వినిపిస్తుందా అన్నట్టు మళ్లీ తన దారిన తాను పోయాడు.

వర్ష చేతిలో టీ గ్లాసులున్నాయి. ఒక్క చుక్క కూడా ఒలకలేదు. ఒలికితే దానికి ఇంకో దెబ్బ ఉంటుందని ఆ పిల్లకు తెలుసు.

"బ్యాటరీ అంట, బ్యాటరీ! టార్చిలైటు కొంటున్నవా ఏందే?" అన్నాడు రాఘవేందర్. సుత్తి విసిరింది వాడే. వర్షకు సొంత అన్న. "ల్యాప్‌టాప్ అంటే దమ్మున్నది కొనాలె. గ్రాఫిక్ కార్డు ఉన్నది కొనాలె. నీకేం తెలుసని నడుమ మాట్లాడుతున్నవ్?"

ఇంతకూ వర్ష అన్నది అన్నతో కూడా కాదు. కండ్లకోయ దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్స్ సీటు వచ్చింది. ఇంకో రెండు మూడు రోజుల్లో క్లాసులు. రేపు మేడ్చల్ పోయి ల్యాప్‌టాప్ తెద్దామని తండ్రి అంటే, "బ్యాటరీ ఎక్కువసేపు ఆగేది చూద్దాం బాపూ" అన్నది. అంతే.

తండ్రి సిద్దిరాములు గేటు బందును ఆకురాయితో రాస్తున్నాడు. తల ఎత్తకుండానే "ఊకోరా" అన్నాడు.

ఊకోరా అనేది సిద్దిరాములు ఇంట్లో ఎప్పటినుంచో వాడుతున్న మందు. తల బద్దలైనా అదే, చెయ్యి బెణికినా అదే. ఇంతవరకు ఎవరికీ నయమైంది లేదు. అయినా ఆయన మందు మార్చలేదు.

ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. కరెంటు కోతలు పట్నంలో కొంత నయం. వీళ్ల తూంకుంట లాంటి ఊళ్లకు పొద్దున కోత, మధ్యాహ్నం కోత, తీరా పని చేసుకుందామని కూర్చుంటే సాయంత్రం కోత. వెల్డింగ్ పనివాడికి కరెంటు లేకపోతే ఇనుము ఉండీ లేనట్టే. గేట్లు అడిగినవాళ్లు వచ్చి తిట్టిపోతారు. తిట్లు తిన్నవాడు ఎవరో ఒకరిమీద తీర్చుకోవాలి కదా. కరెంటు పోతే షెడ్డులో మిషన్లు ఆగేవి, రాఘవేందర్ చేతులు మాత్రం ఆగేవి కావు.

షెడ్డు వెనకే ఇల్లు. ముందుగది, వంటిల్లు, లోపల ఒక చిన్న గది. ఇంట్లో పనిచేసే ప్లగ్గులు రెండు. ఒకటి వంటింట్లో, మిక్సీ దగ్గర. రెండోది ముందుగదిలో, రాఘవేందర్ మంచం తలాపున. వర్ష ఉండే చిన్న గదిలో బల్బు ఒక్కటే ఉంది. ఆ గది తలుపు ఇనుప రేకుది, సిద్దిరాములు స్వయంగా చేసిందే. దానికి లోపల ఒక గడియ ఉండేది. పోయిన ఎండాకాలం వర్ష భయపడి లోపల గడియ పెట్టుకుంటే రాఘవేందర్ తన్నిన తన్నుకు అది ఊడి ఎగిరి గోడకు తగిలింది. "రేపు పెడత తియ్" అన్నాడు సిద్దిరాములు. తూంకుంటలో కొత్తగా లేచిన ఇళ్లకు సగం గేట్లు, గ్రిల్సు ఆయన చేతివే. కూతురి తలుపు మీద మాత్రం ఊడిన వెల్డింగ్ మచ్చలు రెండు నల్లగా అలాగే ఉండిపోయాయి.

అందుకే వర్షకు బ్యాటరీ కావాలి. ఆరు గంటలు ఆగే ల్యాప్‌టాప్ ఉంటే ప్లగ్గుతో పని లేదు. అన్న ముందుగదిలో ఉంటే తాను మిద్దె మీదకు పోతుంది. వాడు మిద్దె మీదకూ వస్తే పక్కింటి నజ్‌నీన్ దగ్గరకు పోతుంది. ఏ వేళ వాడు ఎక్కడుంటాడో, ఎక్కడ లేడో ఆ పిల్లకు కంఠతా వచ్చు. చదువుకునే పాఠాల కంటే ఆ పాఠమే ముందు నేర్చుకుంది పాపం. ప్లగ్గుకు కట్టేసిన ల్యాప్‌టాప్ వస్తే, వాడి మంచం పక్కన, వాడి చేతికి అందేంత దూరంలో కూర్చోవాలి. ఇక ఆ చదువు అయినట్టే.

రేకు కింద పడ్డ సుత్తిని వర్షే వంగి తీసింది. వెల్డింగ్ మీద పేరుకునే నల్లపెంకు, అదే చిట్టెం, కొట్టే సన్న మూతి సుత్తి అది. తీసుకుపోయి అన్న పక్కన పెట్టింది. వాడు టీ తాగుతూ దాని వంక కూడా చూడలేదు.

*

మేడ్చల్ బస్ డిపోకు ఎదురు వరసలో అదీబ్ కంప్యూటర్ దుకాణం. శామీర్‌పేట మీదుగా ఒకే బండి మీద ముగ్గురూ వచ్చారు. దుకాణంలోనూ కరెంటు లేదు గానీ ఇన్వర్టర్ ఉంది. బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన తెరిచి పెట్టాడు అదీబ్. ఒకటి నల్లది, దిట్టంగా, వెనక జాలీతో. ఇంకోటి బూడిద రంగుది, పలచగా ఉంది.

"దేఖో చాచా," అన్నాడు అదీబ్ సిద్దిరాములుతో. "ధర అటిటుగ ఒక్కటే. నల్లది గేమింగ్‌ది. దమ్ము మస్తుగుంటది, ఏ గేమ్ ఏసినా ఆగది. కానీ చార్జర్ తీసినవంటే గంటన్నర, గంతే. గేమ్ ఆడితే గంట గూడ రాదు. గీ బూడిదరంగుది ఆరు గంటలొస్తది. పెద్ద గేమ్‌లు నడువయి గని కాలేజీకి ఇదే ఆరామ్. బిడ్డకే గదా?"

"బిడ్డకే," అన్నాడు సిద్దిరాములు.

రాఘవేందర్ అప్పటికే నల్లదాని ముందు కూర్చున్నాడు. వాడి ముఖం చూస్తే ఇంట్లోవాళ్లు గుర్తుపట్టరు. రాత్రింబగళ్లు మంట చూసి ఎర్రబడిన కళ్లలో ఏదో వెలుగు వచ్చింది. మీటల మీద వేళ్లు ఎంత నెమ్మదిగా కదిలాయంటే, ఇవేనా ఆ చేతులు అని వర్షకు అనుమానం వచ్చింది.

"ఇటు రావే," అని పిలిచాడు చెల్లెల్ని. "చూడు. మామూలుదాంట్ల లెక్క జేసేటోడే బొమ్మ గూడ గీయాలె. ఒక్కడే వెల్డింగ్ కొట్టుకుంట గ్రైండర్ పట్టినట్టు. దీంట్ల బొమ్మ గీసేటోడు అలగ్ ఉంటడు. వానికి సొంతంగ మెమరీ ఉంటది. గందుకే వేడెక్కుతది. గందుకే గీ జాలీ, గీ ఫ్యాను. ఎంత జల్దీ గీస్తాందో చూసినవా?"

"అవునన్నా," అన్నది వర్ష. నిజంగానే బాగా చెప్పాడు. ఇంటర్ మధ్యలో మానేసి షెడ్డులోకి వచ్చినవాడు, ఎవరూ నేర్పకుండా నెట్ సెంటర్‌లో కూర్చుని ఇదంతా తెలుసుకున్నాడు. చిన్నప్పుడు వర్ష చేతిని తన చేతిలో పట్టుకుని వెల్డింగ్ రాడ్డుతో చుక్కలు పెట్టించింది కూడా వీడే. "మా చెల్లె కొట్టిన చుక్క" అని వచ్చినవాళ్లకు చూపించేవాడు. ఆ అన్న ఎక్కడికి పోయాడో, ఎప్పుడు పోయాడో తెలియదు. ఇలా ఒక్కోసారి కనపడి గుండెను పిండుతాడు.

సిద్దిరాములు ల్యాప్‌టాప్‌ల ముందుకు వచ్చాడు. తెర చూడలేదు. మీట నొక్కలేదు. రెండు చేతులతో బూడిద రంగుదాన్ని ఎత్తి బరువు చూశాడు. దింపి, నల్లదాన్ని ఎత్తాడు. మళ్లీ మొదటిది ఎత్తాడు. వేలితో దాని వీపు మీద కొట్టి చెవి పెట్టాడు.

"గిది బోలుగున్నదిరా," అన్నాడు. "నల్లది గట్టిగున్నది."

ఆయన్ను చూసి నవ్వడం తేలిక. బతుకంతా గ్రిల్సు కిలోల లెక్కన అమ్మినవాడు. లోపల బోలుగా ఉన్న పైపు పెట్టి తేలిక గేటు అంటగట్టేవాళ్లను దొంగలంటాడు. చేతికి బరువు తగిలితేనే సరుకు, తగలకపోతే మోసం. ల్యాప్‌టాప్‌ను కూడా అదే చేత్తో తూచాడు. ఇంకెలా తూచాలో ఆయనకు ఎవరు చెప్పారు గనక?

"బాపూ, బరువుతోని ఏం కాదు," అన్నది వర్ష. "ఇంట్ల కరెంటే ఉండదు గద. బ్యాటరీ..."

మాట పూర్తి కాలేదు. బల్ల కింద రాఘవేందర్ ఆమె బొటనవేలిని పట్టుకుని వెనక్కి వంచాడు. ముఖం మీద నవ్వు అలాగే ఉంది. కళ్లు తెర మీదే ఉన్నాయి. వేలు ఇంకొంచెం వంగింది. వర్ష కళ్లలో నీళ్లు తిరిగాయి. బల్ల పైనుంచి చూసే అదీబ్‌కు ఒక అన్న, ఒక చెల్లెలు దగ్గరదగ్గరగా ల్యాప్‌టాప్ చూస్తున్నట్టే ఉంది.

"నువ్వు చెప్పమ్మా. వాడేది నువ్వు గదా," అన్నాడు అదీబ్.

"నల్లదే బాగుంది," అన్నది వర్ష.

వేలు వదిలాడు.

అదీబ్ పెట్టె కడుతూ ఒకసారి ఆమె ముఖం చూశాడు, ఒకసారి సిద్దిరాములును చూశాడు. "వారం లోపల నచ్చకుంటె తెండి చాచా. గీత పడకుంటె చాలు, మారుస్త," అన్నాడు. అడగకుండానే ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియాలి.

*

ల్యాప్‌టాప్ వర్షది. బిల్లు మీద పేరు కూడా వర్షదే. పెట్టింది మాత్రం రాఘవేందర్ మంచం తలాపున ప్లగ్గు దగ్గర. నెట్ సెంటర్ నుంచి గేమ్ సీడీలు తెచ్చుకుని, అది ఇంటికి వచ్చిన సాయంత్రమే ఎక్కించాడు. ఆటలో తుపాకులు పేలుతుంటే తల్లి దుర్గాబాయి వంటింట్లోంచి ఉలికిపడేది. "తెరలో సావులే గద అమ్మా, ఎందుకు భయం?" అని నవ్వేవాడు. ఇంటి బయట ఎవరైనా వింటే ఎంత మంచి కొడుకో అనుకుంటారు.

కాలేజీ మొదలైంది. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. సి ప్రోగ్రాములు చెప్పే సారు మొదటివారమే చిన్న లెక్కొకటి ఇచ్చి, రాసుకుని, నడిపి చూసుకుని రమ్మన్నాడు. రాయడం కాగితం మీద బస్సులోనే అయింది. నడిపేది ఎక్కడ? ఇంటికొచ్చేసరికి కరెంటు ఉంటే వాడి ఆట. కరెంటు లేకపోతే, వాడు ఆటకోసం నిండా చార్జింగ్ పెట్టి దాచుకున్న ఆ గంటన్నర.

శుక్రవారం సాయంత్రం బస్సు దిగేసరికి కోత నడుస్తోంది. రాఘవేందర్ లేడు. శామీర్‌పేటలో ఒక ఫామ్‌హౌస్ గేటు కొలతలకు పోయాడని, చీకటి పడితే గానీ రాడని తల్లి చెప్పింది. వర్ష మంచం అంచున కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. ముందు పది నిమిషాలే అనుకుంది. ప్రోగ్రాం ఎర్రగీత పెట్టి తిట్టింది. సరిచేస్తే ఇంకోచోట తిట్టింది. పట్టుదల వచ్చింది. చివరికి తాను రాసింది తాను అనుకున్నట్టే నడిచి, తెర మీద అంకెలు ఒకదాని కింద ఒకటి దిగుతుంటే, "అమ్మా, ఇటు రా, చూడు!" అని కేకపెట్టింది. దుర్గాబాయికి ఆ అంకెలు అర్థం కాలేదు. బిడ్డ ముఖం అర్థమైంది. తడిచేత్తో తల నిమిరింది.

తెర మూలన బ్యాటరీ గుర్తు ఎర్రబడటం ఇద్దరూ చూడలేదు.

రాఘవేందర్ వచ్చాడు. ఫామ్‌హౌస్ ఆసామి గేటు పని ఆలస్యమవుతోందని ఏమన్నాడో, నలుగురిలో అన్నాడో, బండి స్టాండు వేసిన తీరులోనే తెలిసింది. చొక్కా విప్పి మంచం మీద పారేశాడు. ల్యాప్‌టాప్ ఒళ్లోకి లాక్కున్నాడు. ఆట తెరుచుకుంది. ఒక్క తుపాకీ పేలింది. తెర ఆరిపోయింది.

కాసేపు నల్లతెరలో తన ముఖం చూసుకున్నాడు.

"ఎవరు తిన్నరు బ్యాటరీ?"

వర్ష వంటింటి గుమ్మంలో ఉంది. "కాలేజీ పని ఉండెనన్నా, కొంచెమే..."

జుట్టు పట్టుకుని ముందుగదిలోకి లాగాడు. మొదటి దెబ్బ చెంప మీద, రెండోది వీపు మీద. కింద పడితే కాలితో తన్నాడు. ఆ మీదట వాడి చేతికి చార్జర్ దొరికింది. ఆ నల్లదానికి తగ్గట్టే చార్జర్ కూడా ఇటుకంత ఉంటుంది. తీగ పట్టుకుని తిప్పి విసిరితే అది వచ్చి వర్ష కనుబొమ్మ మీద తగిలింది. చర్మం చీలి రక్తం కంట్లోకి దిగింది. "నాకున్నదే ఆ గంట! గది గూడ నీకే కావాల్నా? సీటు నీకే, సదువు నీకే, గంట గూడ నీకేనా?" అని అరుస్తూ మళ్లీ తిప్పాడు. దుర్గాబాయి అడ్డం వచ్చింది. చార్జర్ ఆమె మణికట్టు మీద పడింది. గాజులు పగిలి నేలంతా చిందాయి. ఈ గొడవలో మంచం మీది ల్యాప్‌టాప్ జారి కింద చాప మీద పడింది.

సిద్దిరాములు షెడ్డులోంచి పరుగున వచ్చాడు. గుమ్మంలో నిలబడి చూశాడు. నేల మీద కూతురు, కంటిమీద చెయ్యి, వేళ్ల సందుల్లోంచి రక్తం. పక్కన భార్య, పగిలిన గాజులు. చాప మీద ల్యాప్‌టాప్.

ఆయన వంగి ల్యాప్‌టాప్ ఎత్తాడు. తిప్పి మూలలు చూశాడు. గీత పడిందేమోనని బొటనవేలితో తుడిచాడు.

రాఘవేందర్ రొప్పుతూ బయటికి పోయాడు. బండి చప్పుడు దూరమైంది. దుర్గాబాయి పసుపు తెచ్చి బిడ్డ కనుబొమ్మ మీద అదిమింది. మొగుడి వైపు చూడకుండానే అన్నది.

"ముందుగాల దాన్నే ఎత్తినవ్ గదా?"

సిద్దిరాములు చేతుల్లో ల్యాప్‌టాప్ అలాగే ఉంది.

*

మర్నాడు కాలేజీ లేదు. రాఘవేందర్ పొద్దున్నే, ఎవరితో మాట్లాడకుండా, ఫామ్‌హౌస్ పనికి పోయాడు. వర్ష చిన్న గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది.

సిద్దిరాములు వచ్చి గుమ్మం దగ్గరే గొంతుకూర్చున్నాడు. ల్యాప్‌టాప్‌ను దాని పెట్టెలో సర్ది తెచ్చాడు. అట్టలు, కవరు, అన్నీ ఎక్కడివక్కడ పెట్టాడు. అంత జాగ్రత్తగా పెళ్లి చీర కూడా మడత పెట్టి ఉండడు.

"గీత పడలే బిడ్డా," అన్నాడు. "ఇంక వారం గాలే. అదీబ్ మారుస్తనన్నడు. పోయి గా ఆరు గంటలదే తెచ్చుకుందాం. వంటింట్ల చార్జింగ్ పెట్టుకొని, వాడున్నప్పుడు నజ్‌నీన్ వాళ్లింట్ల కూసోని చదువుకో. మిద్దె మీద కూసో. వాడు లేనికాడ కూసున్నవనుకో, లొల్లే ఉండదు."

తాను అనుకున్నదే అది. మాట మాటకు అదే. నెలరోజులుగా మనసులో మురిపెంగా దాచుకున్న ఆలోచన తండ్రి నోట వినేసరికి వర్షకు ఒళ్లు మండింది. ఆరు గంటల బ్యాటరీ అంటే ఆరు గంటలు ఇల్లు విడిచి తిరగడమే కదా. కొట్టినవాడు మంచం మీద ఉంటాడు. దెబ్బలు తిన్నది ఊరి మిద్దెలన్నీ పట్టుకు తిరగాలి. దానికి ఒక యంత్రం కూడా కొనిపెడతారు.

"నేనెందుకు పోవాలె బాపూ?"

"వాడు ఊకోడు గదా బిడ్డా..."

"అయితే నేను పోవాల్నా? వద్దు. మార్చకు. గిదే ఉండనియ్. గంటన్నరే సాలు నాకు. గీ గదిల నాకొక ప్లగ్గు పెట్టియ్యి."

లేచింది. తండ్రిని దాటుకుని షెడ్డులోకి నడిచింది. తయారైన సామాను పెట్టే అరలో గడియలు వరసగా ఉన్నాయి. కిటికీలవి, బాత్రూం తలుపులవి చిన్నచిన్నవి. వాటిని ముట్టలేదు. అన్నిటికంటే వెనక, పెద్ద గేటు కోసం చేసిన బొటనవేలంత లావు గడియ ఒకటి ఉంది. దాన్ని తీసింది. బొటనవేలు వంచితే ఇంకా నొప్పిగానే ఉంది.

వెనకాలే వచ్చిన సిద్దిరాములు, "గది గేటుకు చేసింది. ఇంట్ల తలుపుకు గంత లావుదెందుకే?" అన్నాడు.

"సన్నది ఊడింది గద," అన్నది.

కరెంటు లేదు. ఇద్దరూ షెడ్డులో ఎదురెదురుగా కూర్చుని ఎదురుచూశారు. చాలాసేపటికి పైన బల్బు వెలిగింది.

షెడ్డు నుంచి తలుపు దాకా వెల్డింగ్ కేబుల్ లాగింది. ఎర్త్ క్లాంపును తలుపు చట్రానికి బిగించింది. వెల్డింగ్ అద్దం ముఖానికి అడ్డం పెట్టుకుంటే దాని అంచు కనుబొమ్మ గాయానికి తగిలి ప్రాణం పోయినంత పనైంది. పళ్ల బిగువున ఓర్చుకుంది. ఎన్నేళ్లయిందో రాడ్డు పట్టి. ఇనుముకు ఆనించగానే అతుక్కుపోయింది.

"గుంజకు. తిప్పు," అన్నాడు సిద్దిరాములు. గడియను పటకారుతో పట్టి తలుపు మీద నిలిపి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి ఎప్పుడు వచ్చిందో వర్ష చూడలేదు. "ఆఁ. దూరం జరుపు కొంచెం. కన్నుతోని గాదు, చెవితోని చూడు. నూనెల బజ్జీలు వేగినట్టు సప్పుడు రావాలె."

వచ్చింది. నీలం వెలుగు గదంతా కొట్టింది. నిప్పురవ్వలు ముంజేతి మీద పడి చురుక్కుమన్నా చెయ్యి కదపలేదు. ఒక పక్క అయింది, ఇంకో పక్క అయింది. ఆ తర్వాత చట్రం మీద గడియ దూరే కొండీ. ఆగి అద్దం దించితే సిద్దిరాములు చిట్టెం కొట్టే సుత్తి అందించాడు. మొన్న చెవి పక్కనుంచి పోయిన సుత్తే. దానితోనే కొట్టింది. నల్లపెంకు రాలి కింద వెండిలా మెరిసే అతుకు బయటపడింది. వంకరటింకరగా ఉంది, ఎగుడుదిగుడుగా ఉంది.

"నేనొకసారి మీదికెల్లి పట్టియ్యన్నా? నున్నగయితది."

"వద్దు బాపూ. గట్లనే ఉండనియ్."

ఆ మధ్యాహ్నం సిద్దిరాములు గోడ తొలిచి చిన్న గదిలోకి వైరు లాగి ప్లగ్గు పెట్టాడు. పెట్టి, గడియను వేసి తీసి, వేసి తీసి చూశాడు. గడియ అనే వస్తువును ఆ ఇంట్లో మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

*

దీపాలు పెట్టే వేళకు రాఘవేందర్ బండి ఆగింది. వర్ష చిన్న గదిలో ల్యాప్‌టాప్ ముందు ఉంది. దుర్గాబాయి పక్కన చాట పెట్టుకుని ఒంటిచేత్తో బియ్యం ఏరుతోంది. గడియ వేసి ఉంది. సిద్దిరాములు బయట షెడ్డులో ఉన్నాడు.

"ల్యాప్‌టాప్ ఏడున్నది?" ముందుగదిలో వాడి గొంతు. అడుగులు తలుపు దాకా వచ్చాయి. తోశాడు. తలుపు కదల్లేదు. ఆ ఇంట్లో ఆ తలుపు కదలకపోవడం వాడికి కొత్త.

"తియ్యవే."

"తియ్యనన్నా."

తన్నాడు. రేకు దద్దరిల్లింది. గోడమీది సున్నం పెచ్చు రాలి బియ్యంలో పడింది. మళ్లీ తన్నాడు. తలుపు మధ్యలో లోపలికి సొట్టపడింది. బూతులు తిట్టాడు. భుజంతో గుద్దాడు. వర్ష గడియ వంకే చూస్తోంది. తాను పెట్టిన అతుకు. వంకర అతుకు. ఊడిందా, ఇక ప్రాణం మిగలదు. దుర్గాబాయి లేచి వచ్చి తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. ప్రతి తన్నూ ఆమె వెన్నులోకి దిగుతోంది. అయినా లేవలేదు.

తన్నులు ఆగాయి. అడుగులు దూరమై మళ్లీ దగ్గరయ్యాయి. ఏదో బరువైంది నేలకు దింపిన చప్పుడు.

"గ్రైండర్ పెట్టి కోస్త," అన్నాడు రాఘవేందర్. "తలుపు కోస్త, మిమ్ముల గూడ కోస్త."

మంచం తలాపున ప్లగ్గు మీట నొక్కిన చప్పుడు వినిపించింది. గ్రైండర్ చక్రం లేచి గుయ్యిమని అరిచింది. ఇనుముకు తగలగానే ఆ అరుపు చెవులు చీల్చేలా మారింది. తలుపు సందులోంచి నిప్పులు గదిలోకి ఎగజిమ్మాయి. వర్ష తల్లిని పక్కకు లాగింది. చక్రం అంచు సందులో కనపడింది, గడియ మీదికి వస్తోంది. కాలిన ఇనుము వాసన. గడియ చివర ఎర్రబడుతోంది.

చప్పున బల్బు ఆరిపోయింది. చక్రం అరుపు పలచబడి, ఇంకా పలచబడి, తిరిగి తిరిగి ఆగిపోయింది. ల్యాప్‌టాప్ తెర వెలుతురు ఒక మెట్టు తగ్గి, బ్యాటరీ మీద నిలబడింది.

కోత, అనుకుంది వర్ష. అయితే కిటికీ అవతల నజ్‌నీన్ వాళ్లింట్లో ట్యూబులైటు వెలుగుతోంది. ఫ్యాను తిరుగుతోంది. వీధిలో అన్ని ఇళ్లలోనూ దీపాలున్నాయి.

తలుపు అవతల సిద్దిరాములు గొంతు వినిపించింది.

"కరెంటు పోలే. నేను దీసిన. ఫ్యూజు నా జేబుల ఉన్నది."

అవతల గ్రైండర్ నేలకు పెట్టిన చప్పుడైంది.

"కావాల్నా? వచ్చి తీసుకో. నన్ను గొట్టి తీసుకో. గిన్నొద్దులు ఊకోరా, ఊకోరా అన్న. నీకు గాదు, నాకు చెప్పుకున్న ఆ మాట. ఇగ చెప్పుకోను."

తల్లీకూతుళ్లు చీకట్లో పెనుగులాట వినపడుతుందేమోనని, ముసలాయన పడ్డ చప్పుడు వినపడుతుందేమోనని చెవులు రిక్కించారు. వినపడలేదు. చాలాసేపటికి తలుపుకు ఏదో ఆనినట్టు రేకు కిర్రుమంది. రాఘవేందర్ అవతల నేలమీద, తలుపుకు వీపు పెట్టి కూలబడ్డాడు. వాడి రొప్పు సందులోంచి స్పష్టంగా వినిపిస్తోంది. మెల్లగా ఆ రొప్పు కూడా తగ్గింది.

"వర్షా," అన్నాడు. ఎన్నో ఏళ్ల కిందటి గొంతు, వేలు పట్టుకుని చుక్కలు పెట్టించినప్పటి గొంతు. "ఎంతున్నది బ్యాటరీ?"

దుర్గాబాయి బిడ్డ ముఖంలోకి చూసింది. వర్ష లేచి వెళ్లి గడియ మీద చెయ్యి పెట్టింది. చక్రం రాసుకున్న చోట ఇంకా కాలుతోంది. అతుకు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. తెర మూలన ఉన్న గుర్తును చూసింది.

"గంటన్నర ఉన్నదన్నా," అని చెప్పింది.

గడియ తియ్యలేదు. వచ్చి కూర్చుని ప్రోగ్రాం మొదటి వరసనుంచి చదువుకోవడం మొదలుపెట్టింది.